కొండ మీద ఇద్దరే పెళ్లి చేసుకుంటే కన్నవాళ్లకు అన్యాయం చేసినట్టా?

నీలిశిఖరం:
మా ఇద్దరికీ కొండలంటే ప్రాణం. వచ్చే వేసవిలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల్లో, మేమిద్దరమే ఉండి పెళ్లి చేసుకోవాలని అనుకుంటున్నాం. అక్కడి చట్టం ప్రకారం పెళ్లి జరిపించే అధికారి గానీ, సాక్షులు గానీ అక్కర్లేదు. పెళ్లి లైసెన్సు తీసుకున్న 35 రోజుల్లోపు దంపతులే తమ పెళ్లి తాము చేసుకోవచ్చు. మా ప్రేమకు రెండు ఇళ్లలోనూ అభ్యంతరం లేదు. అడ్డు చెప్పేవాళ్లే లేనప్పుడు ఎవరినీ పిలవకుండా చేసుకోవడం తప్పా? ఆయన "చేసుకున్నాక చెబుదాం" అంటున్నారు. దానికి నాకు మనసొప్పడం లేదు. అలాగని వందల మంది ముందు నిలబడి మనసులో మాట చెప్పడం నావల్ల కాదు.

పెద్దకొమ్మ:
మా అమ్మాయి ఇలాగే చేసుకుంది. మర్నాడు ఫోటో పంపింది. పిలవలేదన్న బాధ నాకు లేదమ్మా, అది వాళ్ల ఇష్టం. సరిగ్గా వాళ్లు ఉంగరాలు మార్చుకుంటున్న వేళకు నేను కరెంటు బిల్లు కట్టడానికి వరుసలో నిలబడి ఉన్నాను. బిడ్డ పెళ్లి జరుగుతోందని తెలియకుండా ఆ పూట గడిచిపోయింది. ముందే చెప్పి ఉంటే ఇంట్లోనే కూర్చుని దీవించేదాన్ని. అంతకుమించి ఏమీ అడిగేదాన్ని కాదు.

చలిగాలి:
పెద్దకొమ్మ గారూ, మీరు అడిగేవారు కాకపోవచ్చు, అందరూ మీలా ఉండరు. నా స్నేహితులు నెలల ముందే ఇంట్లో చెప్పారు. "మేమిద్దరం వస్తే నీకేం అడ్డం?" అని తల్లిదండ్రులు అడిగారు. వాళ్లు వస్తున్నారని తెలిసి అన్నలూ వదినలూ బయలుదేరారు. పిల్లలున్నారు కాబట్టి నడక వద్దన్నారు. చివరికి అనుకున్న కొండ దూరంగా కిటికీలోంచి కనబడింది, పెళ్లి మాత్రం హోటల్ హాల్లో జరిగింది. ఆ జంట ఇప్పటికీ ఆ రోజు గురించి మాట్లాడరు. నీలిశిఖరం గారూ, చెప్పకండి. తర్వాత వచ్చే కోపం నాలుగు రోజుల్లో చల్లారుతుంది, పోయిన రోజు మాత్రం తిరిగి రాదు.

దారిదీపం:
జంటలను కొండల్లోకి తీసుకెళ్లడమే నా పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అక్కడ వేసవిలో మధ్యాహ్నం దాటితే ఉరుములు, మెరుపులు మామూలే. సుమారు 3,500 మీటర్లు దాటాక చెట్లుండవు, ఆ బయలులో పిడుగుకు అన్నిటికన్నా ఎత్తైన లక్ష్యం మీరే అవుతారు. అందుకే తెల్లవారుజామున ఎక్కాలి, మధ్యాహ్నానికల్లా చెట్లున్న చోటికి దిగిపోవాలి. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత దాదాపు ఆరు డిగ్రీలు పడిపోతుంది. కింద ఉక్కపోస్తున్నా పైన పెళ్లి బట్టల మీద ఉన్ని కోటు కావాలి. బట్టలు సంచిలో పెట్టుకుని వెళ్లి పైన మార్చుకోండి. చెమటతో తడిసిన బట్టల్లో గాలికి నిలబడితే మాట చెప్పే లోపే పళ్లు టకటకలాడతాయి.

2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం మొదలవుతాయి. ముందుగా ఒకటి రెండు రాత్రులు మధ్య ఎత్తులో ఉండి అలవాటు పడాలి. విమానం దిగిన మర్నాడే శిఖరం మీద ఉంగరం తొడగాలనుకునే వాళ్లను నేను తీసుకెళ్లను. పెళ్లికొడుకు వాంతులు చేసుకుంటుంటే అది ఎంత అందమైన చోటైనా ఒకటే.

అనుమతి సంగతి కూడా మరవకండి. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ఇద్దరే చేసుకునే పెళ్లికైనా పర్మిట్ తీసుకోవాలి, వాళ్లు కేటాయించిన చోటే జరుపుకోవాలి. డ్రోన్ ఎగరేయడం నిషిద్ధం. పూలరేకులు చల్లవద్దు. దారి వదిలి గడ్డి మీద నడవవద్దు, ఆ ఎత్తులో తొక్కిన మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఎక్కే దారి, దిగే సమయం ఎవరో ఒకరికి చెప్పకుండా కొండెక్కకూడదన్నది మా మొదటి నియమం. చాలా చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. మీరు రాకపోతే వెతకడం మొదలుపెట్టే మనిషి ఒకరు కావాలి. ఆ ఒక్కరూ అమ్మ ఎందుకు కాకూడదు?

అక్షర:
ఇంకో మాట. చట్టం అన్ని చోట్లా ఇంత ఉదారంగా ఉండదు. స్కాట్లాండ్‌లో కొండ మీదైనా పెళ్లి చేసుకోవచ్చు గానీ, జరిపించే వ్యక్తి, 16 ఏళ్లు నిండిన ఇద్దరు సాక్షులు ఉండాలి. కనీసం 29 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. స్విట్జర్లాండ్‌లో చట్టబద్ధమైన పెళ్లి రిజిస్ట్రారు దగ్గరే, ఇద్దరు సాక్షుల ఎదుట జరగాలి. ఆల్ప్స్ మీద చెప్పుకునే మాటలు మీ తృప్తి కోసమే. ఇలాంటి చోట్ల సాక్షులుగా ఎవరిని తీసుకెళ్లాలన్నదే పెద్ద తగువవుతుంది. కొలరాడోలో ఆ చిక్కు లేదు. పెళ్లయ్యాక 63 రోజుల్లోపు సంతకాలు చేసిన లైసెన్సు కాగితాన్ని కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది) క్లర్కుకు తిరిగి పంపడం మాత్రం మరచిపోవద్దు.

చలిగాలి:
దారిదీపం గారు చెప్పింది భద్రత గురించి, దానికి ఒక స్నేహితుడు చాలు. తల్లికి చెప్పడం వేరు. చెప్పాక ఆమె ఏడిస్తే ఆ జంట తట్టుకోగలదా?

పెద్దకొమ్మ:
ఏడవనివ్వండి చలిగాలి గారూ. ఏడ్చినంత మాత్రాన వెంట వస్తామని కాదు. మీ స్నేహితులు చెప్పినందువల్ల నష్టపోలేదు, "రావద్దు" అన్న ఒక్క మాట అనలేక నష్టపోయారు. పెళ్లి చేసుకునే వయసు వచ్చినవాళ్లు ఆ మాట అనగలగాలి.

నీలిశిఖరం:
అందరి మాటలూ ఆయనకు చదివి వినిపించాను. పర్మిట్ చేతికి వచ్చి, చోటు, తేదీ మారవని తేలాక రెండు ఇళ్లకూ ఒకే సాయంత్రం ఫోన్ చేస్తాం. "ఇద్దరమే వెళ్తున్నాం" అన్నది మొదటి వాక్యం, తేదీ రెండోది. దారి, దిగే సమయం రాసిన కాగితం మా అమ్మ దగ్గర ఉంటుంది. చలిగాలి గారి భయం నాకూ ఉంది, అందుకే నెలల ముందు చెప్పం. వీడియో కాల్‌లో చూపించమని అడిగితే మాత్రం ఒప్పుకోను. దాని గురించి ఆయనకూ నాకూ ఇంకా వాదన నడుస్తూనే ఉంది.