అపార్ట్‌మెంట్ పెద్ద మరమ్మతులకు 15 ఏళ్ల ప్రణాళిక ఎలా వేయాలి?

హైదరాబాద్‌లో 2006లో కట్టిన మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కోశాధికారిని. నెలనెలా వచ్చే మెయింటెనెన్స్ జీతాలకు, కరెంటు బిల్లుకే సరి. లిఫ్టులు, జనరేటర్, డాబా వాటర్‌ప్రూఫింగ్ వంటి పెద్ద ఖర్చులు వస్తే ఇంటింటికీ తిరిగి వసూలు చేయడమే ఆనవాయితీ. అదీ కింది అంతస్తులవారు లిఫ్టుకు మేమెందుకివ్వాలంటారు! అందుకే రాబోయే 15 ఏళ్లలో ఏ మరమ్మతు ఎప్పుడు, ఎంత ఖర్చుతో వస్తుందో ముందే ఒక పట్టిక వేద్దామనుకుంటున్నాను.

పేరుకుపోయిన మరమ్మతుల ఖర్చును భవనాన్ని మళ్లీ కట్టేందుకయ్యే ఖర్చుతో భాగిస్తే, 5 శాతం లోపుంటే పరిస్థితి బాగున్నట్టు, 10 దాటితే బాగోలేనట్టు లెక్క అని చదివాను. ఇందులో స్థలం విలువ కలపకూడదు కదా? ఇలాంటి పట్టిక వేసినవారు ధరల పెరుగుదలకు ఏటా ఎంత శాతం వేసుకున్నారు? లిఫ్టును పూర్తిగా మార్చాలా, మోటారు, కంట్రోలర్ మాత్రం మారిస్తే చాలా? ఇలాంటి పట్టికను సర్వసభ్య సమావేశంలో ఒప్పించినవారు ఎవరైనా ఉంటే, ఎలా ఒప్పించారో దయచేసి చెప్పండి.