వీటో చేసినందుకు క్రిమినల్ కేసా?

ప్రశ్న: టెక్సాస్ గవర్నర్‌గా ఉన్నప్పుడు రిక్ పెర్రీ మీద 2014లో ఒక వీటో (చట్టసభ ఆమోదించినదాన్ని గవర్నర్ తిరస్కరించడం) గురించే నేరాభియోగాలు మోపారట. వీటో రాజ్యాంగం ఇచ్చిన అధికారమే కదా, దాన్ని వాడితే నేరం ఎలా అవుతుంది?

జవాబు 1: గొడవంతా వీటోకి ముందు జరిగినదాని మీద. ట్రావిస్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ (అక్కడ క్రిమినల్ కేసులు నడిపే, ప్రజలు ఎన్నుకున్న ప్రాసిక్యూటర్) 2013లో తాగి కారు నడిపి జైలుకెళ్లారు. రాష్ట్ర నాయకుల అవినీతిని విచారించే విభాగం ఆవిడ ఆఫీసులోనే ఉండేది. ఆవిడ రాజీనామా చేయకపోతే ఆ విభాగానికిచ్చే 75 లక్షల డాలర్లు ఆపేస్తానని పెర్రీ బహిరంగంగానే అన్నాడు, ఆవిడ దిగలేదు, ఈయన వీటో చేసి ఆపేశాడు. దాంతో గ్రాండ్ జ్యూరీ (అభియోగాలు మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) అధికార దుర్వినియోగం, బెదిరింపు అని రెండు అభియోగాలు పెట్టింది.

జవాబు 2: అదేం బెదిరింపండీ? "బిల్లు ఇలా మార్చకపోతే వీటో చేస్తా" అని అనని గవర్నర్ ఉంటాడా, అది బేరం, రాజకీయమంటేనే అది.

జవాబు 3: బిల్లు మార్చమనడం వేరు, ఓట్లేసి గెలిపించిన మనిషిని దిగిపొమ్మనడం వేరు. నాకైతే అది బాగా చెత్త పనే. కానీ చెత్త పనులన్నీ నేరాలు కావుగా. బెదిరింపు అభియోగాన్ని 2015లో అప్పీల్ కోర్టు వాక్ స్వాతంత్ర్యం కింద కొట్టేసింది. 2016 ఫిబ్రవరిలో రాష్ట్ర అత్యున్నత క్రిమినల్ కోర్టు, వీటో మీద ఇలా విచారణ జరపడం అధికార విభజనకే విరుద్ధమంటూ మిగిలింది కూడా కొట్టేసింది.

ప్రశ్న అడిగినవారు: అంటే వీటో విషయంలో ఎప్పటికీ కేసు ఉండదా?

జవాబు 3: లంచం తీసుకుని చేస్తే ఎందుకుండదు? అప్పుడు నేరం ఆ డబ్బు ఒప్పందం, వీటో కాదు.