అప్‌డేట్: అమ్మానాన్నలతో గ్రాండ్ కాన్యన్ – సౌత్ రిమ్‌కే వెళ్లాం

లాస్ వేగస్ నుంచి అమ్మానాన్నల్ని గ్రాండ్ కాన్యన్ లోయ పడమటి అంచు వెస్ట్ రిమ్‌కి తీసుకెళ్లాలా, దక్షిణపు అంచు సౌత్ రిమ్‌కా అని ఇదివరకు అడిగాను కదండీ, చివరికి సౌత్ రిమ్‌కే ఓటేశాం. కారులో నాలుగున్నర గంటలు పడుతుంది, వెస్ట్ రిమ్ అయితే దాదాపు సగమే. కానీ వెస్ట్ రిమ్ హువాలపాయ్ అనే అమెరికా ఆదివాసీ తెగవారి భూమి, నేషనల్ పార్కుల పాస్ అక్కడ చెల్లదు. అక్కడ 2007లో తెరిచిన గాజు వంతెన మీదికి మేం వెళ్లేనాటికి ఫోన్లు కూడా తీసుకెళ్లనివ్వడం లేదు. ఫొటో లేకపోతే మా నాన్నకి అసలు వెళ్లినట్టే కాదు!

అమ్మకి మోకాళ్ల నొప్పులు. పార్కులో తిరిగే ఉచిత షటిల్ బస్సులు బాగా కలిసొచ్చాయి. లోయని చూసే మేథర్ పాయింట్ దగ్గర జనం తిరునాళ్లే. నాకు నచ్చింది మాత్రం తూర్పు వైపున్న డెజర్ట్ వ్యూ వాచ్‌టవర్. మేరీ కోల్టర్ డిజైన్ చేసిన ఈ 70 అడుగుల రాతి బురుజు 1932 నాటిది. లోపల గోడల మీద హోపీ అనే ఆదివాసీ తెగకి చెందిన చిత్రకారుడు ఫ్రెడ్ కబోటీ వేసిన బొమ్మలున్నాయి. అమ్మ అక్కడే ఆగిపోయి, "మన ముగ్గుల్లా లేవూ?" అంది. నాన్న అప్పటికే పైకెక్కి కొలరాడో నదిని వీడియో తీస్తున్నారు.

దాదాపు 7,000 అడుగుల ఎత్తు కదా, మే నెలలోనూ సాయంత్రం చలేసింది. పెద్దవాళ్లకి స్వెటర్లు పెట్టుకెళ్లండి.