పాసడీనా గ్యాంబుల్ హౌస్ సామాన్లతో సహా అలాగే ఎలా మిగిలింది?

కొత్తకాపురం_ఎల్ఏ:
అందరికీ నమస్తే అండి. అమ్మానాన్న ఊరి నుంచి వచ్చారు, ఈ శనివారం లాస్ ఏంజెలెస్ పక్కన పాసడీనాలో గ్యాంబుల్ హౌస్‌కి తీసుకెళ్దామనుకుంటున్నా. నాన్న వడ్రంగి, జీవితమంతా తలుపులూ కిటికీలూ మంచాలూ చేసిన మనిషి, అక్కడికెళ్ళాక ప్రతి అతుకు గురించీ అడుగుతారు. నెట్‌లో చూస్తే 1908 అని, క్రాఫ్ట్స్‌మన్ స్టైల్ అని, సబ్బుల కంపెనీ వాళ్ళదని రాశారు. అసలు కథేంటి, వందేళ్ళు దాటినా బల్లలూ కుర్చీలతో సహా అలాగే ఎలా ఉంది? పిల్లలు పంచుకోలేదా, అమ్ముకోలేదా?

అరోయో_పక్కవీధి:
ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో రెండో తరం మనిషి డేవిడ్ గ్యాంబుల్ ది ఆ ఇల్లు. వాళ్ళది ఒహాయోలోని సిన్సినాటి, చలికాలాలు పాసడీనాలో గడపడానికి వస్తూ వస్తూ చివరికి ఇక్కడే కట్టుకున్నారు. డిజైన్ చేసింది గ్రీన్ బ్రదర్స్, చార్లెస్, హెన్రీ. మీ నాన్నగారికి ముందు ఈ ముక్క చెప్పండి, ఆ అన్నదమ్ములు సెయింట్ లూయిస్‌లో చిన్నప్పుడు చదివిన స్కూల్లో పుస్తకాలతో పాటు చెక్కపని, ఇనప పని కూడా చేతులతో నేర్పేవాళ్ళు, ఎమ్ఐటీలో ఆర్కిటెక్చర్ ఆ తర్వాతే. అందుకే వాళ్ళ గీతల్లో పనిమంతుడి బుద్ధి కనపడుతుంది.

ఇక పంపకాల సంగతి. డేవిడ్ 1923లో, భార్య మేరీ 1929లో పోయారు, వాళ్ళతోనే ఉండే మేరీ చెల్లెలు జూలియా 1943 దాకా ఆ ఇంట్లోనే ఉంది. తర్వాత కొడుకు సెసిల్, కోడలు లూయీజ్ వచ్చారు. ఒక దశలో అమ్మేద్దామని కూడా అనుకున్నారట, చూడ్డానికి వచ్చినవాళ్ళు లోపల చెక్కంతా తెల్ల రంగు వేయించేస్తామని మాట్లాడుకోవడం చెవిన పడి అమ్మకం మానేశారని చెప్తారు. నాకు ఆ కుటుంబం మీద గౌరవం అక్కడే. ఆఖరికి 1966లో పాసడీనా సిటీకి ఇచ్చేశారు, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ)తో కలిపి ఒప్పందం.

చిత్రిక_పట్టు:
మీ నాన్నగారిని హాల్లో మెట్ల దగ్గర కాసేపు వదిలేయండి చాలు. అది బర్మా టేకు. మెట్ల పక్క చెక్కలు ఒకదాన్లో ఒకటి పళ్ళలా కూర్చుని పైకి ఎక్కుతుంటాయి, ఎక్కడా కోసుగా ఉండే అంచు లేదు, అన్నీ చేత్తో నిమిరితే జారిపోయేలా గుండ్రం చేశారు. పని చేసింది స్వీడన్ నుంచి వచ్చిన అన్నదమ్ములు పీటర్ హాల్, జాన్ హాల్, పీటర్ ఇంటి పని చూస్తే జాన్ ఫర్నిచర్ చూసేవాడు.

ఇంకోటి, ఫర్నిచర్ మీద చిన్న చిన్న నల్ల చదరాలు కనపడతాయి, ఎబొనీ అనే గట్టి నల్ల చెక్కవి. చాలామంది అలంకారం అనుకుని వెళ్ళిపోతారు కానీ వాటిల్లో చాలావాటి కింద స్క్రూ ఉంటుంది, బల్ల చివరి పట్టీల్లో అయితే ఆ స్క్రూ బెజ్జం గుండ్రంగా కాకుండా పొడుగ్గా తొలిచి ఉంటుంది, ఎందుకంటే చెక్క వానాకాలం ఉబ్బి ఎండాకాలం ముడుచుకుంటుంది కదా, అది కదలడానికి చోటు వదిలి పైన నల్ల మూత పెట్టారు, లేకపోతే పలక చీలిపోతుంది. ఈ ఒక్క మాట చెప్తే మీ నాన్నగారికి మిగతాదంతా అదే అర్థమవుతుంది.

వీలైతే పొద్దున టూర్ బుక్ చేయండి. వీధి గుమ్మం తూర్పు వైపు, తలుపుల్లో రంగు గాజుతో ఓక్ చెట్టు ఉంటుంది, ఎమిల్ లాంగే చేసిన గాజు పని, ఎండ పడితేనే దాని అందం.

కొత్తకాపురం_ఎల్ఏ:
చాలా థాంక్స్ అండి, పొద్దున స్లాటే తీసుకుంటా. ఒక డౌట్, క్రాఫ్ట్స్‌మన్ అంటే సాదాసీదా ఇల్లు అని చదివా, ఇదేమో ఇంత ఖరీదు పని?

బంగళా_ప్రేమికుడు:
డౌట్ కరెక్టే. ఆ పేరు ఫర్నిచర్ చేసే గుస్తావ్ స్టిక్లీ 1901లో మొదలుపెట్టిన ‘ది క్రాఫ్ట్స్‌మన్’ పత్రిక నుంచి వచ్చింది, ఆయన చెప్పింది మామూలు కుటుంబానికి దిట్టమైన, నిజాయితీగల ఇల్లు. గ్యాంబుల్ హౌస్ అదే ఆలోచనని డబ్బుకి లెక్క చూసుకోకుండా చేస్తే వచ్చింది. మామూలు జనం ఇళ్ళు చూడాలంటే అదే ఊళ్ళో బంగళా హెవెన్ వీధుల్లో నడవండి, ముందు వరండా, లావుపాటి స్తంభాలు, బయటికి పొడుచుకొచ్చిన వాసాలు, ఒక్కో ఇంట్లో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. నాకైతే అవే ఎక్కువ ఇష్టం.

పైవాళ్ళు చెప్పిన దానికి ఒకటి కలుపుతా. ఇల్లు దానంతట అది మిగల్లేదు. ఇదే ఊళ్ళో, ఇదే గ్రీన్ బ్రదర్స్ 1907లో డిజైన్ చేసిన బ్లాకర్ హౌస్ ఉంది, కలప వ్యాపారి ఇల్లు. దాని ఫర్నిచర్ 1947లో ఇంటి ముందే అమ్మేశారు, 1985లో కొన్న మనిషి అయితే దీపాలూ రంగు గాజులూ ఊడదీసి అమ్మకానికి పెట్టాడు, ఊరు ఊరంతా మండిపడింది, అలాంటివి ఊడదీయకుండా సిటీ హడావుడిగా రూల్ తెచ్చింది. తర్వాత కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడి నకళ్ళు చేయించి మళ్ళీ నిలబెట్టారు. అది ఇప్పటికీ సొంత ఇల్లే కాబట్టి రోడ్డు మీద నుంచే చూడండి.

గ్యాంబుల్ హౌస్‌లో కూడా బయటి చెక్కకి ఎండా వానా తగిలి పాడైతే 2003, 2004ల్లో పెద్ద రిపేరు చేశారు. మీ నాన్నగారిని వెనక డాబా వైపు తీసుకెళ్ళి చూరు కింద నుంచి తలెత్తి చూడమనండి, వాసాల చివర్లు ఎండలోకి ఎంత దూరం వచ్చాయో, ముందు చెడేవి అవే ఎందుకో ఆయనే మీకు చెప్తారు.