వెధవాయలా, వెధవాయిలా?

అరసున్న:
గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం మాట ఒకటి తేల్చండి. ‘మనవాళ్లు వొట్టి వెధవాయలోయ్’ అని నా గుర్తు. నిన్న ఆఫీసు గ్రూపులో ఎవరో ‘వెధవాయిలోయ్’ అని పెట్టారు. ‘య’నా, ‘యి’నా? ఇంకో సందేహం కూడా ఉంది. ఆ ‘మన’లో గిరీశం ఉన్నాడా, లేడా?

తలకట్టు:
‘య’నే. అబ్బాయి, అమ్మాయి అలవాటులో జనం గుడి పెట్టేస్తున్నారు.

బండిర:
అంత ధీమా ఎందుకు తలకట్టు గారూ? అబ్బ పక్కన ఆయి చేరితే అబ్బాయి, వెధవ పక్కన చేరితే వెధవాయి. తిట్టుకి కాస్త ముద్దు అంటుకుంది. అందుకే ఎవరికీ గుచ్చుకోదు, విన్న ప్రతివాడూ పక్కవాడి సంగతనుకుని నవ్వుకుంటాడు.

తలకట్టు:
ముద్దు మీ ఊహ. 1897 కూర్పు వేరు, 1909లో తిరగరాసింది వేరు. మీరు దేన్ని చూసి చెప్తున్నారు?

బండిర:
నాటకం చూసి. చెవికి కూర్పులుండవు.

నకారపొల్లు:
‘మన’ని గాలికొదిలేశారు. ‘మావాళ్లు’ అంటే వినేవాడు బయట. ‘మనవాళ్లు’ అంటే అనేవాడూ వినేవాడూ ఇద్దరూ లోపలే. వ్యాకరణం ప్రకారం గిరీశం తనని తానే తిట్టుకున్నాడు. కానీ చివరి ‘ఓయ్’ చూడండి, గట్టు మీద నిలబడి కేకేసినట్టు లేదూ? ‘మన’తో దిగి ‘ఓయ్’తో ఎక్కేశాడు. ‘మనవాళ్లకి టైం విలువ తెలీదండీ’ అని మీటింగుకి అరగంట లేటుగా వచ్చినవాడే అంటాడు.

అరసున్న:
అంటే లేనట్టేనా?

నకారపొల్లు:
వ్యాకరణంలో ఉన్నాడు, మనసులో లేడు.

సుడి:
అందరూ ‘ఆయి’ దగ్గరే కొట్టుకుంటున్నారు, ముందున్న ‘వెధవ’ ఎవరికీ కనబడలేదు. అది విధవే కదా! బుచ్చమ్మ, మీనాక్షి, పూటకూళ్లమ్మ... కన్యాశుల్కం నిండా వితంతువులే. విడో మారేజీ మీద లెక్చర్లు దంచే మనిషికి లోకాన్ని తిట్టడానికి దొరికింది ఆ మాటే. మనమూ వందేళ్లు దాటి నవ్వుతూనే ఉన్నాం.

తలకట్టు:
గురజాడ కావాలనే పెట్టాడంటారా? వాడుకలో ఉన్న తిట్టు, అంతే.

సుడి:
మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదవండి. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల శుల్కం పెళ్లిళ్లు మూడేళ్లలో 1034 అని లెక్క ఇచ్చాడు. పెళ్లికూతుళ్లలో ఏడాది పిల్లలు ముగ్గురు. కడుపులో ఉన్న బిడ్డకీ బేరం కుదిరేదట. ఆ లెక్క పక్కన పెట్టుకుని జనాన్ని నవ్వించినవాడు ఈ మాట చూసుకోకుండా వదిలాడంటే నేను నమ్మను.

బండిర:
గురజాడ మాట వచ్చింది కనక, నన్నడిగితే గిరీశం కన్నా వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరే ఆయన హాస్యం ఎక్కువ కోస్తుంది. మధురవాణి మగవేషంలో వస్తే ఆదరంగా మాట్లాడిన మనిషి, సానిదని తెలియగానే బిగుసుకుపోయాడు. మోసగాళ్లని చూసి నవ్వడం సులువు. అంత మంచివాణ్ని కూడా వదల్లేదే, అదీ గురజాడ! హాల్లో పెద్దమనుషులు ఆ రంగానికి మాత్రం సర్దుకుని కూర్చుంటారు.

తలకట్టు:
అది ఒప్పుకుంటాను. ‘యి’ మాత్రం ఒప్పుకోను.

అరసున్న:
ఇంతకీ ఆఫీసు గ్రూపులో ఏం పెట్టమంటారు?

బండిర:
‘యి’ పెట్టండి.

తలకట్టు:
పెడితే నన్ను ట్యాగ్ చెయ్యకండి.

నకారపొల్లు:
అసలు అది ‘వొట్టి’యా, ‘ఉట్టి’యా?