సర్వేలో 5కి 4.1 వచ్చింది, అయినా జనం మానేస్తున్నారు. లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్యాకింగ్_హెచ్ఆర్:
240 మంది ఉన్న ప్యాకింగ్ యూనిట్. ఏటా గూగుల్ ఫారంతో సర్వే చేస్తాం. ఈసారి 150 మంది నింపారు, సగటు 4.1. కానీ కొత్తగా చేరినవాళ్లు ఆగడం లేదు. మానేసేటప్పుడు అడిగితే అందరిదీ ఒకటే మాట, "సొంత కారణాలు". యాజమాన్యం ప్రశ్నల్ని 30 నుంచి 60కి పెంచమంటోంది. పెంచితే లాభముందా?

హాజరుపట్టీ:
పెంచకండి, 15కి కుదించండి. నింపని 90 మంది ఎవరో ముందు చూడండి: ఏ షిఫ్టు, ఏ లైను, చేరి ఎన్నాళ్లు. వాళ్లలో ఎక్కువమంది నైట్ షిఫ్టువాళ్లయితే ఆ 4.1 డే షిఫ్టు సగటే. పైగా మానేసినవాళ్లు మీ సర్వేలో ఉండరు కదా, ఉన్నవాళ్లనే అడిగి పోయినవాళ్ల సంగతి ఎలా తెలుస్తుంది?

మీకు కావలసిన జవాబు హాజరు రికార్డులోనే ఉంటుంది. ఎక్సెల్‌లో మనిషికో వరుస: చేరిన తేదీ, ఆఖరి హాజరు తేదీ, లైను, షిఫ్టు, ఏ కాంట్రాక్టర్ ద్వారా వచ్చారు. చేరిన నెలను బట్టి గుంపులు చేసి, 30, 60, 90 రోజులకు ఎంతమంది మిగిలారో చూడండి. ఉదాహరణకు 40 మందిలో 30 రోజులకు 34, 60 రోజులకు 26 మిగిలితే, రెండో నెలలో పోయింది 34లో 8, అంటే దాదాపు 24 శాతం. మొదటి నెలలో 15 శాతమే. అప్పుడు ఇండక్షన్‌ని (చేరగానే ఇచ్చే తొలి శిక్షణని) కాదు, రెండో నెలలో ఏం మారుతోందో వెతకాలి: తొలి జీతంలో కోతలా, నైట్ షిఫ్టుకి మార్చడమా?

చేరి 90 రోజులు నిండనివాళ్లను 90 రోజుల లెక్కలో కలపకండి. "మానేసినవాళ్ల సగటు సర్వీసు" అనే అంకెను అసలు నమ్మొద్దు. ఈమధ్య ఎక్కువమందిని తీసుకుంటే అది దానంతటదే పడిపోతుంది.

ఫారం_డాక్టర్:
ఫారంలో ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఎవరేం రాశారో తెలిసిపోతుందని భయం, 4.1 రాక ఏమొస్తుంది! సూపర్‌వైజర్ గదిలో కూర్చోబెట్టి నింపించినా అంతే.

10 మందికి తక్కువున్న గుంపు ఫలితం బయటపెట్టకండి. తీసివేతల్నీ గమనించండి: 14 మంది లైను ఫలితం, అందులో 11 మంది మగవాళ్ల ఫలితం విడిగా ఇస్తే, మిగిలిన ముగ్గురు ఆడవాళ్లు ఏమన్నారో ఎవరైనా లెక్కగట్టేస్తారు.

"సూపర్‌వైజర్ మర్యాదగా మాట్లాడి, అడిగితే సెలవు ఇస్తారా?" అంటే రెండు ప్రశ్నలు. "గత నెలలో అడిగిన సెలవు దొరికిందా?" అనండి. దొరికింది, దొరకలేదు, అడగలేదు: మూడే జవాబులు. ఒడియా, హిందీ కార్మికులుంటే అనువాదాన్ని ఇంకొకరిచేత తిరిగి తెలుగులోకి చేయించి పోల్చండి.

ప్యాకింగ్_హెచ్ఆర్:
థాంక్సండీ. ఇంకొకటి. ఒక లైనులో 12 మందికి 3 నెలల్లో ముగ్గురు మానేశారు. 25 శాతం కదా, ఆ సూపర్‌వైజర్‌ని మార్చేద్దాం అంటున్నారు.

హాజరుపట్టీ:
12 మందిలో ఒక్కరు అటూఇటూ అయితే 8 శాతం మారిపోతుంది. నాలుగు త్రైమాసికాలు కలిపి చూడండి. ఆ లైనుకే కొత్తవాళ్లను ఎక్కువగా పంపుతున్నారేమో కూడా చూడాలి. అదైతే తప్పు సూపర్‌వైజర్‌ది కాదు.

శిక్షణ ఇప్పించినా ఒక చిక్కుంది. ఈసారి అన్నిటికంటే వెనకబడిన లైను, ఎవరూ ఏమీ చేయకపోయినా వచ్చేసారి సాధారణంగా కాస్త మెరుగ్గానే కనిపిస్తుంది. ఆ పేరు శిక్షణకు పోతుంది. అందుకే లైన్లన్నిటికీ చీటీలు వేసి సగానికి ఇప్పుడు, సగానికి 3 నెలల తర్వాత ఇప్పించి, ఆ 3 నెలల్లో రెండు సగాలనూ పోల్చండి.

ఎవరో ఒకరు అమెరికాలోని హాథార్న్ ఫ్యాక్టరీ కథ ఎత్తుతారు, గమనిస్తున్నారని తెలిస్తేనే జనం బాగా పనిచేస్తారని. వెలుతురు మారిస్తే పని ఎలా మారుతుందో చూసిన అక్కడి దీపాల ప్రయోగం 1924లో మొదలైంది. ఆ పాత అంకెల్ని ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ మళ్లీ పరిశీలించి 2011లో ప్రచురించారు. చెప్పుకునేంత పెద్ద ప్రభావం వాటిలో లేదు.

ఫారం_డాక్టర్:
"సొంత కారణాలు" సంగతి: ఫైనల్ సెటిల్‌మెంట్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ చేతికి రానంతవరకు ఎవరూ నిజం చెప్పరు. అవి అందిన నెల తర్వాత, ఆ లైనుతో సంబంధంలేని మనిషిచేత ఫోన్ చేయించండి. "ఎందుకు మానేశారు?" అని కాదు, "మానేద్దామని మొదట ఎప్పుడనిపించింది? ఆ వారం ఏం జరిగింది?" అని అడిగించండి.