ఇడ్లీ, గారెల పిండికి గ్రైండర్ కొనాలా, మిక్సీ చాలా? (చర్చ)

వేడివేడి_ఇడ్లీ:
నలుగురున్న ఇల్లు. వారానికి రెండుసార్లు ఇడ్లీ, ఒకసారి అట్లు, పండగలకి గారెలు. ఉన్నది 750 వాట్ల మిక్సీ. 2 లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్ కొంటే తేడా తెలుస్తుందా, లేక వంటింట్లో చోటు దండగా? "గ్రైండర్ పిండి గ్రైండర్ పిండేనండీ" అని వదిలెయ్యకుండా కాస్త కొలతలతో చెప్పండి.

రుబ్బురోలు:
తేడా ఉంది, అదంతా మినప్పప్పు దగ్గరే ఉంది. మినుముల్లోని జిగురు (అరబినోగాలక్టాన్ అనే పాలిసాకరైడ్), గ్లోబ్యులిన్ ప్రోటీన్లు కలిసి గాలిబుడగల్ని పట్టి ఉంచుతాయి. రాళ్ల కింద పప్పు నలుగుతూ, మడతపడుతూ తిరిగేకొద్దీ పిండిలోకి గాలి చేరుతుంది. వేడి పెద్దగా పుట్టదు. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పుని కోస్తుంది. పిండి వేడెక్కుతుంది, పైగా బ్లేడు తిరగాలంటే నీళ్లు ఎక్కువ పోయక తప్పదు. మిక్సీ ఇడ్లీ బల్లపరుపుగా రావడానికి ఈ రెండే కారణాలు.

గ్రైండర్ కొలత: మినపగుళ్లు 1 కప్పు (సుమారు 200 గ్రాములు), ఇడ్లీ రవ్వ 2 కప్పులు. గుళ్లు 4 నుంచి 5 గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెడితే జిగురు నీళ్లలోకి దిగిపోయి పిండి పొంగు తగ్గుతుంది. ముందు ఖాళీ గ్రైండర్ ఆన్ చేసి, అరకప్పు నీళ్లు పోసి, నానిన గుళ్లు గుప్పెడు గుప్పెడుగా వెయ్యాలి. ఒక్కసారే కుమ్మరిస్తే రాళ్లు పైకి లేచి పప్పు పక్కలకి పోతుంది. ఆ తర్వాత మూడు నాలుగు నిమిషాలకోసారి రెండు చెంచాల నీళ్లు చిలకరించాలి. మొత్తం నీళ్లు 1 నుంచి 1¼ కప్పు. 25 నుంచి 30 నిమిషాలు పడుతుంది. గిన్నెడు నీళ్లలో చిటికెడు పిండి వేస్తే తేలాలి. 200 గ్రాముల గుళ్లకి లీటరు దగ్గర పిండి వచ్చిందంటే రుబ్బు కుదిరినట్టే. తేలాక ఆపెయ్యండి. ఇంకా తిప్పితే మెత్తబడేదేమీ ఉండదు, పిండి వేడెక్కడం తప్ప.

పప్పు కూడా చూసుకోవాలి. పాత పప్పు ఎంత రుబ్బినా గుల్లబారదు. బద్దల కంటే గుళ్లు మేలు. పొట్టుపప్పు కడిగే ఓపిక ఉంటే ఇంకా మేలు.

పెసరట్టు_ప్రియ:
రవ్వ సంగతి ఎవరూ చెప్పలేదు. పిండి పాడవడంలో సగం దోషం రవ్వదే. రెండు మూడు నీళ్లు మార్చి, తేట నీళ్లు వచ్చేదాకా కడగండి. కనీసం గంట నాననివ్వండి. తర్వాత గుప్పిట్లో గట్టిగా పిండి, నీరు కారకుండా ఉన్నప్పుడే మినప్పిండిలో కలపండి. పిండకుండా వంపేస్తే అడుగున అరకప్పు నీళ్లు మిగిలిపోతాయి. గ్రైండర్ మంచిదైనా ఆ నీళ్లతో ఇడ్లీ జారుగా అయిపోతుంది. రవ్వని గ్రైండర్‌లో వెయ్యకూడదు, బయట చేత్తోనే కలపాలి. ఉప్పు ఈ కొలతకి చెంచాన్నర.

మిక్సీ_పార్టీ:
గ్రైండర్ వాళ్లు మిక్సీని మరీ తీసిపారేస్తున్నారు. పద్ధతిగా వేస్తే గారెలకి తప్ప అన్నిటికీ మిక్సీ పనికొస్తుంది.

నానిన గుళ్లని నీళ్లతో సహా చివరి గంట ఫ్రిజ్‌లో పెట్టండి. రుబ్బడానికి ఐస్ నీళ్లే వాడండి. పెద్ద జార్‌లో సగానికి మించి నింపొద్దు. 30 సెకన్లు తిప్పడం, ఆపి గరిటెతో అంచులు దించడం, మళ్లీ 30 సెకన్లు. ఒక్కో విడతకి మొత్తం మూడు, నాలుగు నిమిషాలు. జార్ బయట చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలిందంటే ఆపి చల్లారనివ్వాలి. గిన్నెలోకి తీశాక చేత్తో ఒకే వైపుకి రెండు మూడు నిమిషాలు గిలక్కొట్టండి. మిక్సీలో చేరని గాలి ఇక్కడ కొంత చేరుతుంది. రవ్వ 2 కప్పులు వెయ్యకుండా 1¾ దగ్గర ఆపండి, ఎందుకంటే పిండి పొంగు తక్కువ కాబట్టి మోయగలిగే రవ్వా తక్కువే.

పెసరట్టుకైతే గ్రైండర్ తియ్యడమే దండగ. పెసలు 1 కప్పు, బియ్యం 2 చెంచాలు, 5 గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో మిక్సీలో ఐదు నిమిషాల పని. పులియబెట్టేది లేదు కాబట్టి గాలి బాధ కూడా లేదు.

ఓరుగల్లు_పిల్ల:
మా దిక్కు బొబ్బెర గారెలకు సుత మిక్సీయే మంచిగుంటది. బొబ్బెర్లు 6 గంటలు నానవెట్టి, నీళ్లు మొత్తం వంపేసి, చుక్క నీరు పొయ్యకుండ పల్స్ మీద బరకగ తిప్పాలె. నడుమల నడుమల పలుకులు తగలాలె. గ్రైండర్ల వేస్తే మెత్తగయి నూనె గుంజుతది. మినుప గారెల సంగతి వేరే, దానికి రాయే కావాలె.

కాయిల్_మాస్టర్:
రిపేరు వైపు నుంచి కొన్ని మాటలు. కొనేముందు చూసుకోవాల్సినవి ఇవి.

రాళ్లు రెండా మూడా అన్నదానికి పెద్ద ప్రాముఖ్యం లేదు. రాళ్లని అడుగురాయి మీదకి నొక్కే స్ప్రింగ్ స్క్రూ ఉందా లేదా చూడండి. అది లేని మోడల్‌లో రాళ్లు అరిగిన కొద్దీ సందు పెరిగి, పప్పు నలగకుండా జారిపోతుంది. డ్రమ్ము మోటారు మీద నుంచి ఎత్తి తీసేలా ఉండాలి, లేకపోతే కడగడం నరకం. గోకుడు పట్టీ (డ్రమ్ము అంచుని గీకే ప్లాస్టిక్ ముక్క) విడిగా దొరుకుతుందో లేదో షాపులోనే అడగండి. ముందుగా అరిగేది అదే. ఎక్కువ మోడళ్లు కోయంబత్తూరు వైపు నుంచే వస్తాయి, అక్కడి వెట్ గ్రైండర్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. స్పేర్ పార్టులకి ఇబ్బంది పడరు.

కొత్త గ్రైండర్‌లో మొదటి రుబ్బు తినకండి. గుప్పెడు నానిన బియ్యం నీళ్లతో పది నిమిషాలు తిప్పి పారబోయండి. బూడిదరంగు రాతిపొడి పోయి నీళ్లు తెల్లగా వచ్చేదాకా మళ్లీ చెయ్యాలి.

ఇక వచ్చే రోగాలు. మోటారు గుర్రుమంటుంది, డ్రమ్ము కదలదు, చేత్తో తోస్తే తిరుగుతుంది: చాలావరకు కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలవ్వడానికి సాయపడే భాగం) పోయింది. పాతదాని మీద రాసున్న మైక్రోఫారడ్, వోల్టేజీ చూసి సరిగ్గా అదే వేయించాలి. ప్లగ్ తీసినా అందులో కరెంటు నిలవుండొచ్చు, అనుభవం లేనివాళ్లు చెయ్యి పెట్టొద్దు. ఖాళీగా బాగా తిరిగి పప్పు వెయ్యగానే నిలిచిపోతే బెల్టు సాగింది. బెల్టు మీద నంబరుంటుంది, ఆ నంబరుదే కొనాలి. పిండిలో నల్లటి పొడి కనిపిస్తే రాళ్ల మధ్య బుష్ (ఇరుసు చుట్టూ ఉండే తొడుగు) అరిగింది, ఆ పిండి వాడొద్దు.

మిక్సీ సంగతీ చెప్పేస్తా. అడుగున ఎర్ర బటన్ ఎగిరిపడితే లోడ్ ఎక్కువైందని. పది నిమిషాలు చల్లారనిచ్చి, జార్‌లో సగం తీసేసి, అప్పుడు నొక్కండి. వెంటనే నొక్కి మళ్లీ అదే లోడ్‌తో తిప్పితే కాయిల్ కాలుతుంది. "30 నిమిషాల రేటింగ్" అని రాసుంటే ఏకధాటిగా అరగంట అనుకోకండి, సాధారణంగా 5 నిమిషాలు తిప్పి 2 నిమిషాలు ఆపే లెక్క అది. మోటారు తిరుగుతూ బ్లేడు తిరగకపోతే కప్లర్ (మోటారు తిప్పుని జార్‌కి అందించే పళ్ల ముక్క) పళ్లు పోయాయి. చవకైన ముక్క, ఇంట్లోనే మార్చొచ్చు. షాఫ్ట్‌ని కింద నుంచి స్క్రూడ్రైవర్‌తో పట్టుకుని, కప్లర్‌ని మిక్సీ తిరిగే దిశలోనే తిప్పితే ఊడుతుంది. ఎదురు తిప్పితే ఇంకా బిగుస్తుంది.

డాలస్_దోసె:
అమెరికాలో ఉన్నవాళ్ల ప్రశ్న కూడా ఇక్కడే అడిగేస్తాను. ఇండియా గ్రైండర్‌ని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుకోవచ్చా? రెండోది, చలికాలంలో పిండి 15 గంటలైనా పొంగదు. ఒవెన్‌లో లైటు వేసి పెట్టమంటారు, అదీ పని చెయ్యట్లేదు.

కాయిల్_మాస్టర్:
@డాలస్_దోసె, మిక్సీకీ గ్రైండర్‌కీ తేడా ఉందండీ. మిక్సీలోది బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారు, దానికి హెర్ట్జ్‌తో (కరెంటు సెకనుకి ఎన్ని ఆవృత్తులు తిరుగుతుందో ఆ లెక్క; ఇండియాలో 50, అమెరికాలో 60) పని లేదు. 110 నుంచి 220కి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే చాలు, కానీ 750 వాట్ల మిక్సీకి కనీసం 1500 వాట్లది తీసుకోండి. మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు ఎక్కువ. గ్రైండర్‌లోది ఇండక్షన్ మోటారు, దాని వేగం హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది. 50 హెర్ట్జ్‌కి చేసింది 60 మీద దాదాపు 20 శాతం వేగంగా తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుందే గానీ హెర్ట్జ్‌ని మార్చదు. వేగం పెరిగి, లాగే బలం తగ్గి, పిండి చిమ్ముతుంది. అక్కడ అమ్మే 110 వోల్ట్, 60 హెర్ట్జ్ మోడలే కొనుక్కోండి.

పెసరట్టు_ప్రియ:
ఒవెన్ లైటు చిట్కా పాతకాలపు బల్బుకి. ఆ బల్బు వేడినిచ్చేది. ఇప్పటి ఎల్ఈడీ లైటు వెలుగే ఇస్తుంది, రాత్రంతా వేసినా ఒవెన్ వెచ్చబడదు. ఒవెన్‌ని ఒక్క నిమిషం వేడి చేసి ఆపేసి, లోపల మరిగిన నీళ్ల గిన్నె పెట్టి, దాని పక్కన పిండి పెట్టండి. నాలుగైదు గంటలకి నీళ్లు మార్చండి.

ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) ఉంటే యోగర్ట్ మోడ్‌లో "లెస్" పెట్టాలి. మామూలు యోగర్ట్ వేడి పెరుగుకి సరిపోతుంది, మన పిండికి ఎక్కువ. మినప్పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనాస్టాక్ జాతి బాక్టీరియా. దానికి 28 నుంచి 32 డిగ్రీలు హాయి. 40 దాటితే పులుపెక్కుతుంది గానీ పొంగదు. గాజు మూత పెట్టండి. ప్రెషర్ మూత పెడితే పొంగిన పిండి వాల్వులోకి ఎక్కుతుంది. గిన్నెలో సగానికి మించి పొయ్యకండి.

రుబ్బురోలు:
పైదానికి చిన్న చేర్పు. ఆ బాక్టీరియా పప్పుతోనే వస్తుంది, బయట నుంచి ఈస్టు, పెరుగు కలపక్కర్లేదు. సోడా అసలే వద్దు. పిండి పొంగకపోతే వేడి చాలలేదనో, పప్పు పాతదనో అర్థం. సోడా ఆ లోపాన్ని కప్పిపెట్టి ఇడ్లీకి పసుపురంగు, సబ్బు రుచి తెస్తుంది.

మిక్సీ_పార్టీ:
సోడా మరీ నేరమేం కాదు లెండి. హోటళ్లు వెయ్యట్లేదా? లీటరు పిండికి చిటికెడు, అదీ ప్లేట్లలో పోసే ముందు.

రుబ్బురోలు:
హోటలు వాడికి గంటలో వంద ప్లేట్లు దిగాలి. ఇంట్లో ఆ తొందర ఎందుకండీ!

వేడివేడి_ఇడ్లీ:
అందరికీ థాంక్స్. గ్రైండర్ వైపే మొగ్గుతున్నాను, ముఖ్యంగా గారెల కోసం. గారెల కొలత కూడా ఎవరైనా చెబుతారా? నూనె పీల్చకుండా, పేలకుండా రావాలి.

గోదారి_గారె:
గుళ్లు 2 గంటలు, మహా అయితే రెండున్నర. అంతకంటే నానితే లోపలికి నీరెక్కువ పట్టి గారె నూనె తాగుతుంది. నీళ్లు పూర్తిగా వంపి, జల్లెడలో పది నిమిషాలు ఉంచండి. కప్పు గుళ్లకి రుబ్బేటప్పుడు మొత్తం నాలుగైదు చెంచాల చల్లటి నీళ్లు, అదీ చిలకరింపే. పిండి పిడికిట్లో నిలవాలి, నీళ్లలో తేలాలి. మిక్సీలో ఇది ఎందుకు కుదరదంటే అన్ని తక్కువ నీళ్లకి బ్లేడు ఖాళీగా తిరుగుతూ ఉంటుంది, పిండి అంచులకి అంటుకుని కూర్చుంటుంది.

ఉప్పు, ఉల్లిపాయ, అల్లం, మిర్చి వేయించే ముందే కలపాలి. ఉప్పు ముందేస్తే పావుగంటలో పిండి జారవుతుంది. అయిందా, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మధ్యలో చిల్లు అందానికి అనుకుంటారు గానీ, లోపలి ఆవిరికి దారి అది. రుబ్బులో పలుకులు మిగిలినా, పిండి సరిగ్గా కలవక పెద్ద గాలిబుడగలు చిక్కుకున్నా గారె పేలుతుంది. మంట మధ్యస్థం. నూనె పొగలు వస్తుంటే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చల్లటి నూనెలో వేస్తే గారె స్పాంజిలా పీల్చేస్తుంది.

ఓరుగల్లు_పిల్ల:
గ్రైండర్ కడుగుడు జర చెప్పండి ఎవరన్న. అందుకే చానమంది కొని పక్కకు పెడతరు.

కాయిల్_మాస్టర్:
పిండి తీసిన వెంటనే రెండు గ్లాసుల నీళ్లు పోసి ఒక నిమిషం తిప్పండి, ముప్పావు వంతు పని అక్కడే అయిపోతుంది. ఆ నీళ్లు పారబొయ్యక్కర్లేదు, అట్ల పిండి పలచన చేసుకోవడానికి పనికొస్తాయి. పిండి ఎండనిస్తే మాత్రం రాయి రంధ్రాల్లో పట్టుకుని వారంలో వాసన వస్తుంది. రాళ్లు విప్పి, బోర్లించి, పూర్తిగా ఆరాకే బిగించండి. మోటారున్న కింది భాగాన్ని పంపు కింద పెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

డాలస్_దోసె:
నీళ్ల గిన్నె పద్ధతితో పిండి పొంగింది, 12 గంటలు పట్టింది. కానీ ఇడ్లీ దించాక మధ్యలో గుంట పడుతోంది.

పెసరట్టు_ప్రియ:
పులిసిన పిండిని కలిపేశారేమో చూడండి. ఇడ్లీకి పైనుంచి గరిటెతో మెల్లగా తీసి పొయ్యాలి, బుడగలు చితక్కూడదు. అట్లకైతే కలుపుకోవచ్చు. కుక్కర్‌లో నీళ్లు మరిగాకే స్టాండు పెట్టండి, విజిల్ తీసెయ్యండి. 10 నుంచి 12 నిమిషాలు చాలు. స్టవ్ ఆపాక 3, 4 నిమిషాలు మూత తియ్యకండి. పైమూతకి పట్టిన ఆవిరి నీళ్లు పైప్లేటు మీద పడినా గుంటలు వస్తాయి, ఆ ప్లేటు మీద పలచటి గుడ్డ కప్పి చూడండి.